మే నెలలో తోడుకోని పాలు

గాజు ట్యూబులో పోసిన రక్తం ఎన్ని నిమిషాలకు గడ్డకడుతుందో చూసి చెప్పడంలో భిలాయి మొత్తం మీద నన్ను మించినవాళ్ళు లేరని నాకు గట్టి నమ్మకం ఉండేది. పదకొండేళ్ళుగా డయాలిసిస్ మిషన్ పక్కన నిలబడి చేసిన పని అది. కొత్త నర్సులు గడియారం చూస్తూ ట్యూబును మరిచిపోతారు, ట్యూబు చూస్తూ గడియారాన్ని మరిచిపోతారు. నేను రెండూ చూస్తూ, మూడో పనిగా వాళ్ళను తిట్టగలను. సూర్యావతి సిస్టర్‌కు నోరెంతో పనితనం కూడా అంతే అని ఆసుపత్రిలో పేరు. తొంభై ఆరు మే నెలలో ఆ పేరు ఎలా గంగలో కలిసిందో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నేనూ నవ్వుతూనే చెబుతున్నాను.

మా ఆసుపత్రి పవర్ హౌస్ బజారు వెనకాల ఉండేది. పేరెందుకులెండి. ఏప్రిల్ ఆఖర్లో అక్కడికి రాజేంద్ర అనే మనిషిని తీసుకొచ్చారు. ముప్పై ఏళ్ళుంటాయి, హథ్‌ఖోజ్‌లో ఒక చిన్న ఇంజనీరింగ్ యూనిట్లో లేత్ మీద పని. సోమవారం కాళ్ళు తిమ్మిరెక్కాయన్నాడట. బుధవారానికి చెప్పులు వేసుకోలేకపోయాడు. శుక్రవారం మా దగ్గరికి వచ్చేసరికి ఊపిరి కూడా అందడం లేదు. గొంతులో గొట్టం పెట్టి వెంటిలేటర్‌కు తగిలించాం. రెప్పలు ఒక్కటే కాస్త ఆడేవి. ముఖం ఎక్కడికక్కడ బిగిసిపోయింది. కానీ తెలివి పూర్తిగా ఉంది, మనం మాట్లాడేదంతా వింటున్నాడు. నాకు అదే తట్టుకోవడం కష్టంగా ఉండేది.

మా డాక్టర్ రమాకాంత్‌గారు చిన్నవాడే కానీ చదువుకున్నవాడు. రాజేంద్ర తల్లి సింహాచలమ్మను కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పారు. మీవాడి రక్తంలోనే తేడా పదార్థం ఒకటి తయారై నరాలను తినేస్తోంది. రక్తంలో పసుపుపచ్చగా, పలచగా ఉండే భాగాన్ని ప్లాస్మా అంటాం, ఆ పదార్థం అందులోనే ఉంది. రక్తాన్ని బయటికి తీసి ఫిల్టర్‌లోంచి పంపి, ఆ ప్లాస్మాను పారేసి, మంచి ప్లాస్మా ఎక్కిస్తాం. నాలుగుసార్లు చేస్తే మనిషి లేచే అవకాశం ఉంది.

సింహాచలమ్మ అంతా విని ఒక్కటే అడిగింది. "మరి నెత్తురు బయటికొస్తే పేరుకుపోదేటి బాబూ?"

అసలు చిక్కంతా అక్కడే ఉందమ్మా అన్నారు డాక్టరుగారు. రక్తం ఒళ్ళు దాటి బయటికొస్తే చాలు, గడ్డకట్టాలని చూస్తుంది. ఫిల్టర్‌లో వెంట్రుకంత సన్నని గొట్టాలు వేలల్లో ఉంటాయి. అవి గడ్డలతో మూసుకుపోతే ఆ ఫిల్టరూ పోతుంది, అందులో ఉన్న గ్లాసెడు రక్తమూ పోతుంది. అలా జరగకుండా హెపారిన్ అనే మందు ఎక్కిస్తాం. ఆ మందు ఎక్కువైతే ఒంట్లో రక్తం కారుతుంది. రాజేంద్రకు అప్పటికే కడుపులో ఒకసారి రక్తం పడింది. అంటే మందు తక్కువైతే ఫిల్టర్ పోతుంది, ఎక్కువైతే మనిషే పోతాడు. ఎంత సరిపోతుందో చెప్పాల్సింది నేను. అతని రక్తం గాజు ట్యూబులో పోసి, అర నిమిషానికోసారి వంచి చూసి, గడ్డకట్టడానికి పట్టిన నిమిషాలు చెబితే ఆ లెక్కను బట్టి డాక్టరుగారు మందు పెంచుతారు, తగ్గిస్తారు. ఇరవై నుంచి పాతిక నిమిషాల మధ్య ఉండాలి.

బొంబాయి నుంచి నాలుగు ఫిల్టర్లు వచ్చాయి. డయాలిసిస్ మిషన్‌ను అతని గదిలోకే తోసుకొచ్చి మొదటిసారి మొదలుపెట్టాం. ఆ రోజు భిలాయిలో నలభై మూడు డిగ్రీలు. పైన ఫ్యాను వేడిగాలిని కలియబెడుతోంది. నా చీర వీపుకు అంటుకుపోయింది, డాక్టరుగారి కళ్ళజోడు ముక్కు మీంచి జారిపోతోంది. కానీ ఫిల్టర్ మూడు గంటలూ బంగారంలా నడిచింది. మరునాడు రాజేంద్ర యజమాని చూడ్డానికొచ్చి, ఆ ఉడుకు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. సాయంత్రానికల్లా తన ఆఫీసు గదిలోని ఏసీ ఊడబీకించి పంపాడు. రాజేంద్రతో పనిచేసే నలుగురు కిటికీ కోసి, దాన్ని బిగించి, గది చల్లబడేదాకా ఉండి మరీ వెళ్ళారు. అంత మంచి మనుషులు.

ఇక ఆ గది వైభవం ఏం చెప్పమంటారు! ఆసుపత్రి మొత్తం మీద ఏసీ ఉన్న గది అదొక్కటే. నర్సులందరికీ రాజేంద్ర మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది. నా కింద పనిచేసే ఛాయ, ఛత్తీస్‌గఢీ పిల్ల, ఐదు నిమిషాలకోసారి అతని నాడి చూసేది. నేనూ తక్కువ తినలేదు. ట్యూబుల ట్రాలీని సరిగ్గా ఏసీ కిందికి జరుపుకుని, స్టూలు వేసుకుని మహారాణిలా కూర్చున్నాను.

రెండో ఫిల్టర్ గంటంబావుకు గడ్డకట్టింది.

ట్యూబులో చూస్తే ఇరవై ఎనిమిది నిమిషాలు వచ్చింది. మందు ఎక్కువైందనుకుని డాక్టరుగారు తగ్గించారు. కాసేపటికి ఫిల్టర్‌లో నల్లటి చారలు కనబడ్డాయి, ప్రెజర్ సూది పైకి లేచింది, మిషన్ అరవడం మొదలుపెట్టింది. ఫిల్టర్‌దే లోపం అన్నాను నేను, బొంబాయి వాళ్ళు పాతసరుకు అంటగట్టారన్నాను. ఒకరోజు ఆగి మూడోది పెట్టాం. ట్యూబులో ముప్పై నిమిషాలు. మందు మళ్ళీ తగ్గించారు. ఈసారి గంటన్నా నడవలేదు.

"దీదీ, ఫిర్ జమ్ గయా," అంది ఛాయ, ఏడుపు గొంతుతో.

"మళ్ళీ గడ్డకట్టిందని చూడ్డానికి కళ్ళున్నాయి నాకూ," అని కసిరాను దాన్ని. పాపం దానిదేం తప్పు.

డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచారు. "సిస్టర్, మిగిలింది ఒక్క ఫిల్టరే. మళ్ళీ బొంబాయి నుంచి రావడానికి పది రోజులు పడుతుంది. ఇతనికి జ్వరం మొదలైంది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతోంది. పది రోజులు ఆగేంత టైమ్ లేదు మనకి. బుధవారం ఇది మూడు గంటలూ నడవాలి, అంతే." ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే నాకు బాగుండేది, ఎదురు చెప్పి తేలికపడేదాన్ని.

అదే రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు సింహాచలమ్మ నా మీద యుద్ధానికొచ్చింది. ఆవిడ రోజూ పొద్దున్నే సెక్టర్ 4 నుంచి బస్సెక్కి వచ్చి, సాయంత్రం దాకా వరండాలోనే ఉండేది. వచ్చేటప్పుడు గిన్నెలో గోరువెచ్చని పాలల్లో తోడు వేసి తెచ్చుకునేది. మధ్యాహ్నానికి పెరుగయితే అన్నంలో కలుపుకుని తినేది, నాకూ ఓ ముద్ద పెట్టేది. వరండాలో పిల్లి తిరుగుతోందని రెండు రోజులుగా గిన్నె లోపల పెట్టమని బతిమాలుతుంటే, ఆ పొద్దున నేనే తీసుకెళ్ళి ట్రాలీ కింది అరలో ఉంచాను. పెట్టకూడదు, నిజమే. ఆవిడ ముఖం చూసి కాదనలేకపోయాను.

"ఎవులు కదిపినారు నా గిన్నె?" అంది మూత తీసి చూపిస్తూ. పాలు పాలుగానే ఉన్నాయి.

"ఎవరూ కదపలేదు పిన్నీ."

"కదపకుండా ఇలా ఉంటాదేటి? ఐదు గంటలైనాది. మే నెల్లో పాలు తోడుకోకపోడం నా పుట్టుకలో సూడనేదు. నీ పిల్లలెవులో సెయ్యి పెట్టేసినారు."

"నీ పాలగిన్నెకి కాపలా కాయడానికేటి ఇక్కడ నన్ను పెట్టింది? ఒకవైపు నీ కొడుకు ఫిల్టర్ పోయి నాను సస్తంటే!" కోపమొస్తే నా నోటికీ శ్రీకాకుళం వచ్చేస్తుంది. గిన్నె లాక్కుని, వరండాలోకి వెళ్ళి, కిటికీ గట్టు మీద ఠంగుమని పెట్టేశాను. పిల్లి తాగితే తాగనీ అనుకున్నాను. సింహాచలమ్మ ముఖం తిప్పుకుని, దాని పక్కనే కర్ర పట్టుకుని కూర్చుంది.

మూడు గంటలకు టీ కోసం బయటికి వస్తే, ఆవిడ గిన్నె నా ముందుకు చాచింది. కోపం ఇంకా పోలేదు. వంచి చూపించింది. పెరుగు ముక్కలా నిలబడింది.

నేను ఆ గిన్నె చేతిలోకి తీసుకుని అలాగే నిలబడిపోయాను. అవే పాలు, అదే తోడు. లోపల ఐదు గంటలైనా కాలేదు, బయట రెండు గంటల్లో అయింది. టీ గ్లాసు ఎక్కడ పెట్టానో గుర్తు లేదు. పరుగెత్తుకుంటూ గదిలోకి వెళ్ళి, "ఛాయా, నా చేతి నుంచి రక్తం తియ్యి" అన్నాను. అది నాకు ఎండదెబ్బ తగిలిందనుకుంది.

నా రక్తమే రెండు ట్యూబుల్లో పోయించాను. ఒకటి ఏసీ కింద ట్రాలీ మీద స్టాండులో పెట్టి ఛాయను చూడమన్నాను. రెండోది గుప్పిట్లో బిగించుకుని వరండాలోకి వెళ్ళాను. నా గుప్పిట్లోది ఏడు నిమిషాలకు గడ్డకట్టింది. ట్రాలీ మీదది పద్దెనిమిది నిమిషాలకు కానీ గడ్డకట్టలేదు. ఒకే మనిషి రక్తం, ఒకే సూది.

నిజం చెప్పొద్దూ, నాకు తెలియని సంగతి కాదిది. ఈ పరీక్ష ఒంటి వేడి దగ్గర చెయ్యాలి. చల్లగా ఉంటే రక్తం బద్ధకిస్తుంది, ట్యూబు అబద్ధం చెబుతుంది. దాని కోసం నీళ్ళను ముప్పై ఏడు డిగ్రీల దగ్గర ఉంచే కరెంటు తొట్టి ఒకటి ఉండేది. రెండేళ్ళ క్రితం కాలిపోయింది. చలికాలంలో ట్యూబు గుప్పిట్లో పెట్టుకుని చూసేదాన్ని. వేసవిలో ఆ అవసరమే లేదు, భిలాయిలో మా గదే వేడినీళ్ళ తొట్టి. మే నెల వచ్చిందంటే ట్యూబులు స్టాండులో పెట్టి నిశ్చింతగా ఉండటం నాకు అలవాటైపోయింది. ఏసీ వచ్చి గదిలో చలికాలం తెచ్చింది, నా బుర్రలో మాత్రం మే నెలే నడిచింది. ట్యూబు ముప్పై నిమిషాలంటే అతని అసలు లెక్క పది, పన్నెండే అన్నమాట. అసలే చాలని మందును నేనే తగ్గించేలా చేశాను. రెండు ఫిల్టర్లూ నేనే చంపాను.

ఈ మాట డాక్టరుగారితో చెప్పడానికి నాకు అరగంట పట్టింది. ఆయన వింటూ ముందు కళ్ళజోడు తీశారు. తర్వాత ఏసీ వైపు చూశారు, నా వైపు చూశారు, పకపకా నవ్వేశారు. నవ్వు ఆగాక, "నేనూ అదే గదిలో ఉన్నాను కదా సిస్టర్. నాకూ చల్లగా హాయిగానే ఉంది, నేనూ అడగలేదు," అన్నారు. ఆ ఒక్క మాటకు ఆయనకు జన్మంతా రుణపడి ఉంటాను.

బుధవారం పొద్దున్నే స్టీలు మగ్గులో గోరువెచ్చని నీళ్ళు పోసి, అందులో థర్మామీటరు వేసి, ట్యూబులు అందులో నిలబెట్టాం. పక్కన ఫ్లాస్కులో వేడినీళ్ళు. ముప్పై ఏడు కన్నా సూది మొనంత దిగినా ఛాయ వేడినీళ్ళు కలపాలి. ఏసీ మాత్రం కట్టెయ్యలేదు. దాని తప్పేం లేదు, రాజేంద్ర ఒళ్ళు చెమట పట్టకుండా ఉంటోంది. నాలుగో ఫిల్టర్ బిగించి పంపు తిప్పాం. ఎర్రగా రక్తం నిండుతూ వచ్చింది.

మొదటి ట్యూబు పదమూడు నిమిషాలు అంది. డాక్టరుగారు మందు పెంచారు. అరగంట తర్వాత ఇరవై ఒకటి. ఫిల్టర్ పక్కనుంచి పచ్చటి ప్లాస్మా సంచిలోకి దిగుతోంది. గంటన్నర దాటింది. అంతకుముందు రెండు ఫిల్టర్లూ ఈపాటికి నల్లబడ్డాయి. ఇది ఎర్రగానే ఉంది. ప్రెజర్ సూది పెట్టినచోటే ఉంది. ఛాయ నోటిలో ఏదో దేవుడి పేరు ఆడుతూనే ఉంది.

రెండు గంటలప్పుడు అతని కడుపులోంచి ముక్కు గొట్టం ద్వారా తీసిన నీళ్ళల్లో గోధుమరంగు చార కనబడింది. డాక్టరుగారి ముఖం మారిపోయింది. వెంటనే మందు పంపు మీదకి చెయ్యి వెళ్ళింది. కడుపులో మళ్ళీ రక్తం పడుతోందంటే మందు ఆపాలి, ఆపితే ఫిల్టర్ గడ్డకడుతుంది, ఇంకో ఫిల్టర్ లేదు.

"ఒక్క నిమిషం ఆగండి డాక్టరుగారూ," అన్నాను. మగ్గులో ఉన్న ట్యూబు తీసి వంచాను. ఇంకా పారుతోంది. ఇరవై రెండు. మళ్ళీ నీళ్ళల్లో పెట్టాను. అర నిమిషం గడిచాక తీసి వంచాను. కదల్లేదు. తలకిందులు చేశాను, నిలబడింది. "ఇరవై రెండున్నర. మందు ఎక్కువ కాలేదు. అది పాత రక్తం అయ్యుంటుంది, కడుపు ఉప్పునీళ్ళతో కడిగి చూద్దాం. పంపు ఆపకండి."

ఆయన నా కళ్ళల్లోకి చూశారు. "ఈ లెక్క నమ్మొచ్చా సిస్టర్?"

పదకొండేళ్ళలో నన్నెవరూ ఆ మాట అడగలేదు. అడిగితే ఊరుకునేదాన్ని కాను. ఆ రోజు నాకు కోపం రాలేదు, భయం వేసింది. థర్మామీటరు చూశాను, ముప్పై ఏడు. ట్యూబును గుప్పిట్లో పట్టుకుని చూశాను, ఒంటి వేడిగానే ఉంది. "నమ్మొచ్చు," అన్నాను.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. కడుపులోకి ఉప్పునీళ్ళు పంపి తీస్తే మొదటిసారి కాస్త గోధుమరంగు, రెండోసారి లేతగా, మూడోసారి తేటగా వచ్చాయి. పాత రక్తమే.

మూడు గంటలు నిండాయి. ఉప్పునీళ్ళు పంపి, ఫిల్టర్‌లో మిగిలిన రక్తమంతా తిరిగి అతని ఒంట్లోకే పంపించాం. ఎరుపు గులాబీరంగయింది, గులాబీరంగు పోయి ఫిల్టర్ తెల్లగా తేలింది. ఎక్కడో ఒకటి రెండు సన్నని చారలు, అంతే. ఛాయ చప్పట్లు కొట్టి, "దీదీ, ఏకదమ్ సఫేద్!" అని నన్ను వాటేసుకుంది. డాక్టరుగారు ఆ ఫిల్టర్‌ను వెలుగులోకి ఎత్తి పట్టుకుని తిప్పి తిప్పి చూశారు, పెళ్ళికూతుర్ని చూసినట్టు. నేను వరండాలోకి వెళ్ళి సింహాచలమ్మ పక్కన కూలబడి, కారణం చెప్పకుండా ఏడ్చేశాను. ఆవిడ బెంబేలెత్తిపోయింది. అంతా బాగుందని నవ్వుతూ చెబితే, తిట్టుకుంటూ నా కళ్ళు తుడిచింది.

పది రోజులకు బొంబాయి నుంచి మరో రెండు ఫిల్టర్లు వచ్చాయి, పోయినవాటి బదులు వాటినీ వాడాం, రెండూ చక్కగా నడిచాయి. రాజేంద్ర జ్వరం తగ్గింది. వెంటిలేటర్ లేకుండా ముందు గంట, తర్వాత పూట ఊపిరి తీసుకోగలిగాడు. కుడిచేతి వేళ్ళు కదిలాయి. ఆసుపత్రిలో అందరూ నన్ను పొగుడుతున్నారు. సింహాచలమ్మ వచ్చేపోయే వాళ్ళందరికీ నన్ను చూపించి, "ఈయమ్మే నా గుంటడికి పేణం పోసింది" అని చెబుతోంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు అన్నం సయించేది కాదు. ఆవిడకు ఫిల్టర్ల సంగతి చెప్పక్కర్లేదు సిస్టర్ అన్నారు డాక్టరుగారు. ఆయనకేం, ఆవిడ దండం పెట్టేది ఆయనకు కాదు కదా.

జూన్ మొదటి వారంలో ఒక పొద్దున, రాజేంద్ర ఒళ్ళు తుడుస్తున్నాం. ఇటు నేను, అటు సింహాచలమ్మ. ఆవిడ ఛాయతో మళ్ళీ అదే మాట మొదలుపెట్టింది. నేను గుడ్డ కింద పడేశాను.

"పిన్నీ, మధ్యలో పాడైన ఆ రెండు ఫిల్టర్లూ నా వల్లే పోయాయి. ఏసీ కింద పెట్టి పరీక్ష తప్పు చేశాను. నీ కొడుకు రక్తం రెండుసార్లు పారబోయించింది నేనే," అని మొత్తం చెప్పేశాను, ఊపిరి తీసుకోకుండా.

సింహాచలమ్మ నోరు తెరిచింది. ఆ తర్వాత ఆ నోరు మూతపడలేదు.

"ఏటీ? నీ వల్లా? ఓలమ్మో! నా గుంటడి నెత్తురు రెండు గ్లాసులు మోరీలో పోసీసి, ఇన్నాళ్ళూ నా పక్కన కూకుని నా సేత దండాలెట్టించుకుంటావేటి? నోరెత్తితే స్టేషన్ దాకా ఇనబడతాది, ఈ ఒక్క ముక్క సెప్పడానికి నోరు పెగల్నేదా నీకు? నాను పైడితల్లికి మొక్కేను, సూర్యావతమ్మ పేరున కూడా మొక్కేను! ఇప్పుడా మొక్కు ఏటి సేయాల? ఎనక్కి తీసుకోమందునా? నువ్వే ఎల్లి సెప్పు ఆయమ్మకి! సెప్పు! పెద్ద నర్సమ్మంట! సల్లగుందని సుకంగా కూకున్నాదంట!"

ఛాయ గోడకు అతుక్కుపోయింది. నన్ను ఎవరైనా ఒక్క మాట అంటే నేను పది అంటానని దానికి తెలుసు. నేను మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డాను. ప్రతి తిట్టుకూ నా గుండె మీద బరువు కొంచెం కొంచెంగా దిగుతోంది.

అప్పుడు చూశాను. రాజేంద్ర పెదవి ఎడమ చివర పైకి లేచింది. నెలన్నరగా చెక్కబొమ్మలా ఉన్న ఆ ముఖంలో బుగ్గ మీద చిన్న గుంట పడింది. కళ్ళు మెరుస్తున్నాయి. నేను వేలు పెట్టి చూపించాను.

సింహాచలమ్మ తిట్టు సగంలో ఆగిపోయింది. మంచం మీదికి వంగింది. "ఒరే... నవ్వుతున్నావేట్రా? మీ అమ్మ తిడతా ఉంటే నవ్వొచ్చిందేట్రా నాయనా?"

పెదవి రెండో చివర కూడా లేవడానికి ప్రయత్నం చేసింది. అది పూర్తిగా లేవలేదు కానీ, వంకరగా ఉన్నా అది నవ్వే. ఆవిడ కొడుకు బుగ్గ మీద చెయ్యి వేసి, ఆ గుంటను వేలితో తడిమింది. కళ్ళనీళ్ళు ధారగా కారుతున్నాయి. వాటిని తుడుచుకోకుండానే నా వైపు తిరిగింది.

"నువ్వెక్కడికీ ఎల్లకు, అక్కడే నిలబడు," అంది. చీర కొంగు నడుముకు బిగించి, కొడుకు ముఖం మీంచి చూపు తిప్పకుండా, నన్ను మళ్ళీ మొదట్నుంచి తిట్టడం మొదలుపెట్టింది.